రెండోసారి తిప్పాక ఏ పొర తీయాలి

ఈ మధ్య మన రైల్వే ఊళ్ళో, ఇందా బజారులో, స్కిన్ క్లినిక్కులు పెరిగాయి. ల్యాబ్ కోర్సు చదివిన పిల్లలు వాటిల్లో చేరుతున్నారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళ పిల్లలూ ఉన్నారు. పూరీ గేట్ దగ్గర ఎదురుపడితే, ముఖానికి ఎక్కించే పి.ఆర్.పి. ఎలా తయారు చేస్తారని నన్ను అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేస్తే తప్పు నేర్పినవాడినవుతాను. అందుకే రాస్తున్నాను.

ఇది చదివాక అంతా తేటపడుతుందని మాత్రం అనుకోకండి. ముప్పై మూడేళ్ళు రక్తపరీక్షలు చేశాను. రిటైరయ్యాక నాలుగేళ్ళు ఈ పి.ఆర్.పి. పని చేశాను. ఆ ముప్పై మూడేళ్ళలో లేని అయోమయం ఈ నాలుగేళ్ళలో కలిగింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తెలియనివాళ్ళ కోసం ఈ పనేమిటో చెబుతాను. మనిషి రక్తం కొంచెం తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పుతాం. రక్తం పొరలుగా విడిపోతుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని, అదే పి.ఆర్.పి.ని, వేరుచేసి డాక్టరుకిస్తే, సన్నటి సూదులతో అదే మనిషి ముఖానికి ఎక్కిస్తారు. దెబ్బ తగిలినచోట రక్తాన్ని ఆపేవి ప్లేట్‌లెట్లు. గాయం మానడానికి కావలసిన సరుకు కూడా వాటిల్లోనే ఉంటుంది కాబట్టి మొటిమల గుంటలు పూడి, ముడతలు తగ్గి, చర్మం తాజాగా అవుతుందని అంటారు. ఎంత తగ్గుతుందనే విషయంలో నేను చదివిన పుస్తకాలు ఒక మాట మీద లేవు.

నా చదువు

మా నాన్న శ్రీకాకుళం నుంచి ఈ ఊరొచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. నేను మెట్రిక్ కాగానే రైల్వే ఆసుపత్రి ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పనిలో చేరాను. అక్కడి నుంచి టెక్నీషియన్ ఎలా అయ్యానన్నది సర్వీసు రికార్డులో ఉంటుంది, ఇక్కడ రాయను.

కాలేజీ గడప తొక్కలేదు. నా కాలేజీ లైబ్రరీలే. మన తెలుగు సంఘంలో ఉన్న రెండు బీరువాల పుస్తకాలు అయిపోయాక రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ పట్టుకున్నాను. అదీ సరిపోక ఇంజనీరింగ్ కాలేజీ పక్కనున్న ప్రేమ్ బజార్ వెళ్ళేవాణ్ణి. చదువైపోయి వెళ్ళిపోయే విద్యార్థులు అక్కడ పుస్తకాలు తూకానికి అమ్మేస్తారు. రక్తం గురించి, సూక్ష్మదర్శిని గురించి, ఆఖరికి సెంట్రిఫ్యూజ్ గురించి కూడా అక్కడే కొన్నాను. ఇంగ్లీషు పుస్తకం ఒక చేత్తో, నిఘంటువు ఇంకో చేత్తో పట్టుకుని పేజీకి గంట చొప్పున చదివేవాణ్ణి. ఎమ్మెస్సీ చదివినవాళ్ళు వచ్చి నన్ను అడిగి వెళ్ళిన రోజులున్నాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

బిశ్వాస్ దా నేర్పింది

ఆసుపత్రిలో మా ల్యాబు పెద్ద బిశ్వాస్ దా. ఇక్కడివాళ్ళ మాటలో దా అంటే అన్న. కోపం వస్తే అరవడు, చేసిన పనంతా మళ్ళీ మొదటి నుంచి చేయిస్తాడు. కొత్తలో ఒక లోకో ఫిట్టరు రక్తం తిప్పి, పైనున్న తేట ద్రవం తీసేటప్పుడు గొట్టం అడుగు దాకా ద్రవం పీల్చే పిప్పెట్ దించాను. కింద ఉన్న ఎర్రకణాలు కాస్త కదిలి అందులో కలిశాయి. ఎర్రకణాల్లో పొటాషియం ఎక్కువ, దాంతో రిపోర్టులో అది విపరీతంగా వచ్చింది. వార్డులో డాక్టర్లు ఆ మనిషికి గుండె ఆగిపోతుందేమోనని హడావుడి పడుతున్నారు. అతను మంచం మీద కూర్చుని ముడీ, అదే మరమరాలు, తింటున్నాడు. బిశ్వాస్ దా వార్డుకి వెళ్ళి అతన్ని చూసి, తిరిగొచ్చి, కొత్తగా రక్తం తీయించి, నా చేతే మళ్ళీ చేయించాడు. పొటాషియం మామూలుగానే ఉంది.

అప్పుడు నా చెయ్యి పట్టుకుని చూపించాడు. పైన తేటగా ఉన్నదే మనది, అడుగున వేలు మందం ఎప్పుడూ వదిలెయ్యి, ఎంత ఆశ పుట్టినా దిగకు అన్నాడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు నా పిప్పెట్ ఆ వేలు మందం దగ్గర దానంతట అదే ఆగేది. తల వేరే ఆలోచనలో ఉన్నా చెయ్యి ఆగేది. మంచి పాఠం. అది నిజం కూడా. నిజమైన పాఠమే నన్ను ఇంకోచోట ముంచిందన్నది నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది.

టేపుతో కొలిచినవాడు

రిటైరైన ఏడాదికి ఇందాలో మిత్రా మేడమ్ క్లినిక్కులో చేరాను. మందుల షాపు మీద మేడ, రెండు గదులు, ఒక చిన్న ల్యాబు. ఆవిడ చర్మవ్యాధుల డాక్టరు, మాట మెత్తన, పని గట్టి. నన్ను రావ్‌దా అనేది.

పి.ఆర్.పి. అప్పటికి నేను చేసిన పని కాదు. అందుకే ముందు చదివాను. ఇందులో రెండుసార్లు తిప్పాలి. మొదటిసారి మెల్లగా. బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, అన్నిటికన్నా చిన్నవీ తేలికైనవీ అయిన ప్లేట్‌లెట్లు పైన పచ్చటి ద్రవంలోనే తేలుతుంటాయి. ఆ పై ద్రవాన్ని ఇంకో గొట్టంలోకి తీసి రెండోసారి వేగంగా తిప్పాలి. ఈసారి ప్లేట్‌లెట్లు కూడా అడుగుకు చేరి చిన్న మడ్డిలా కూర్చుంటాయి. పైన మూడింట రెండు వంతులు ఖాళీ ద్రవం, దాన్ని తీసేయాలి. అడుగు వంతులో మడ్డిని కదిపి కలిపితే అదే పి.ఆర్.పి. ఇదంతా నా నోటుబుక్కులో నా దస్తూరీతోనే రాసుకున్నాను.

నా శ్రద్ధంతా వేగం మీద పెట్టాను. పుస్తకంలో వేగం నిమిషానికి ఎన్ని చుట్లని ఇవ్వరు, భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లని ఇస్తారు. యంత్రం లోపల గొట్టాల్ని పట్టి తిప్పే చెయ్యి పొడుగును బట్టి ఎన్ని చుట్లో మనం లెక్క కట్టుకోవాలి. చాలాచోట్ల ఈ లెక్క కట్టరు, పక్క క్లినిక్కులో ఏ అంకె పెడితే అదే పెడతారు. నేను మా ఇంటావిడ బట్టలు కుట్టే టేపు పట్టుకెళ్ళి ఆ చెయ్యి కొలిచాను. జాకెట్లు కొలిసే టేపుతో రగతం కొలుత్తారేటి, మళ్ళా ఆ టేపు నాకివ్వకండి అంది ఆవిడ. లెక్క కట్టాను, సరిగ్గా కుదిరింది. ఈ ఊళ్ళో ఆ పని చేసినవాడు ఇంకొకడు లేడని చాలా రోజులు మురిసిపోయాను.

గులాబి రంగు

మొదటి నెల పుస్తకంలో ఉన్నట్టే చేశాను. అడుగు మడ్డి కలిపితే ద్రవం కాస్త మసగ్గా, లేత గులాబి రంగులో వచ్చేది. ఎంత జాగ్రత్తగా తీసినా కొన్ని ఎర్రకణాలు వెంట వస్తాయి, ఆ రంగు వాటిది.

ఒకరోజు ఒక పేషెంటు సిరంజీ చూసి, ఇందులో రక్తం కలిసింది, ఇది శుభ్రంగా లేదు అని పేచీ పెట్టింది. మేడమ్ ఆవిడకి సర్దిచెప్పి పంపించి, నా దగ్గరికి వచ్చి, రావ్‌దా, గులాబి రంగు రాకుండా చూడండి, కొంచెం తేటగా ఉండాలి అంది. ఆవిడ అన్నది అంతే. ఎలా అని చెప్పలేదు. ఎలాగో నాకు తెలుసనుకుంది. నేనూ తెలుసనే అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి అడుగు వదలడం మొదలైంది. మొదట కొంచెం వదిలాను. రంగు తగ్గింది. ఇంకొంచెం వదిలాను. ఇంకా తగ్గింది. చివరికి వేలు మందం వదిలి పైనున్న తేట ద్రవం తీశాను. బంగారు రంగులో మెరుస్తూ వచ్చింది. మేడమ్ సిరంజీ వెలుతురుకి పట్టి చూసి సంతోషించింది.

మరి నోటుబుక్కులో రాసుకున్నది ఏమైందని మీరు అడుగుతారు. అదే నాకూ తెలియదు. అనుమానం రాలేదా అంటే వచ్చింది. దానికి నా చదువే సమాధానం చెప్పింది. ప్లేట్‌లెట్లు అన్నిటికన్నా తేలికైనవి కదా, తేలికైనవి పైనే కదా ఉంటాయి అంది. ఆ మాట మొదటిసారి తిప్పినప్పుడు నిజం. రెండోసారికి అబద్ధం. పుస్తకంలోని నిజాన్ని తీసుకెళ్ళి దానిది కాని చోట పెట్టాను. చెయ్యి బిశ్వాస్ దాది, తర్కం ప్రేమ్ బజార్‌ది. రెండూ ఒప్పుకున్నాయి కాబట్టి మూడో మాట వినలేదు. అలా ఏడు నెలలు ప్లేట్‌లెట్లను సింకులో పారబోసి, పైనున్న ఖాళీ ద్రవాన్ని మనుషుల ముఖాలకి పంపాను.

అందరూ బాగుందన్నారు. అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది.

విజయ టీచరు

విజయ టీచరు లెక్కల టీచరు. పూరీ గేట్ దగ్గర ఉంటుంది. మా సంఘంలో అందరికీ తెలిసిన మనిషి. వయసులో ఉన్నప్పుడు వచ్చిన మొటిమలు బుగ్గల నిండా గుంటలు చేసి వెళ్ళాయి. మొదటిసారి రక్తం తీస్తున్నప్పుడు సూది వైపు చూడకుండా ఉండడానికి ఏవో కబుర్లు చెబుతూ ఒక సంగతి చెప్పింది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ బోర్డు వైపు తిరిగే పాఠం చెబుతోందట. రాస్తూ, రాసినదానితోనే మాట్లాడుతూ. ప్రశ్న అడగాలన్నా బోర్డునే అడిగేదట. పిల్లలు తనకి వీపు టీచరని పేరు పెట్టారని నవ్వుతూనే చెప్పింది.

మూడుసార్లు చేయించుకుంది. మూడోసారి అయిన నెలకి బజారులో కనిపించి, రావు గారూ, నేను క్లాసు వైపు తిరిగినానండి అంది. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చేతిలో కూరల సంచీ ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను. ముప్పై మూడేళ్ళలో వేలమంది రక్తం చూశాను, ఎవరూ ఇలాంటి మాట చెప్పలేదు. మలేరియా ఉందో లేదో చెప్పడమే కానీ, మనిషిని ఇటు నుంచి అటు తిప్పిన పని నేనెప్పుడూ చేయలేదు.

నాలుగోసారికి వచ్చినప్పుడు రక్తం తీశాను. ముఖానికి మొద్దుబారే క్రీము రాశారు. అది పట్టడానికి ముప్పావు గంట కూర్చోవాలి. ఊరికే కూర్చోలేని మనిషి. గోడ మీద పోస్టరు చదివి ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అయిదు రెట్లు ప్లేట్‌లెట్లు అని రాసినారు. దేనికి అయిదు రెట్లండీ?"

"మామూలు రక్తంలో ఉన్నదానికమ్మా."

"మీరు లెక్కపెట్టినారేటి?"

"ఆ, పెడతాం కదా" అన్నాను.

ఎప్పుడూ పెట్టలేదు. ఆ పోస్టరు యంత్రం అమ్మినవాళ్ళు ఇచ్చింది. ఆవిడ తల ఊపి వెళ్ళి కూర్చుంది. అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది. దాన్ని నిజం చేసేద్దామనుకున్నాను. టైమూ ఉంది.

ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి. మా కాలంలో గళ్ళు గీసిన గాజు పలక మీద చుక్క వేసి, తడి కాగితంతో మూతపెట్టి పావుగంట ఆగి, సూక్ష్మదర్శినిలో గడిగడికీ లెక్కపెట్టేవాళ్ళం. అలాంటి పలకలు రెండు నా దగ్గర ఉన్నాయి. ఆవిడ రక్తం పలచన చేసి ఒక చుక్క వేశాను, తీసిపెట్టిన తేట ద్రవం ఒక చుక్క వేశాను.

రక్తంలో ఉండాల్సినన్ని ఉన్నాయి. తేట ద్రవంలో గడి తరవాత గడి ఖాళీ. ఒకచోట రెండు, ఇంకోచోట ఒకటి. అద్దం తుడిచాను. మళ్ళీ చూశాను. అయిదు రెట్లు కాదు కదా, రక్తంలో ఉన్నదాంట్లో పదో వంతు కూడా లేవు. అడుగు మడ్డి ఇంకా సింకులో పోయలేదు. అది కలిపి ఒక చుక్క పలచన చేసి వేశాను. కళ్ళు పెట్టగానే గళ్ళ గీతలు కూడా కనపడనంత కిక్కిరిసి మెరుస్తున్నాయి.

ఆ మడ్డి ఉన్న గొట్టానికి మూత పెట్టి పక్కన నిలబెట్టాను.

వారం రోజులు

మేడమ్‌ని ల్యాబులోకి పిలిచి చూపించాను. ఆవిడ ఒక కన్ను మూసి చూసింది, రెండో పలకా చూసింది, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. చెప్పాను. ఆవిడ ల్యాబు తలుపు దగ్గరగా వేసింది. ఈ రోజుకి మెషీన్ పాడైందని చెప్పి పంపించండి అంది. టీచరు క్రీము కడుక్కుని వెళ్ళిపోయింది. ఒకే పూట ఒకే మనిషికి రెండు అబద్ధాలు చెప్పాను.

మిత్రా మేడమ్ చెడ్డ మనిషి కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. ఆవిడ చెప్పిందిది. రక్తం వాళ్ళదే, ద్రవం వాళ్ళదే, ఎవరికీ హాని జరగలేదు. వచ్చినవాళ్ళు సంతోషంగా ఉన్నారు. అందరినీ ఏదో ఒక వంకతో పిలిచి ఈసారి సరైనది ఊరికే చేద్దాం. తప్పు జరిగిందని చెబితే బాగుందనుకుంటున్న ముఖం ఆ క్షణం నుంచి బాగుండదు. ఆ నష్టం మనం చేసినట్టే కదా, రావ్‌దా, ఒక వారం ఆలోచించండి అంది.

నేను ఆలోచించాను. ఆవిడ మాటలో తప్పెక్కడుందో వెతికాను. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు.

నిజానికి నాకు అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. ప్లేట్‌లెట్లు లేని ద్రవంతో టీచరు ముఖం ఎందుకు బాగైంది? ఉన్న పుస్తకాలన్నీ మళ్ళీ తీశాను. సూదులు గుచ్చడం వల్లనే చర్మం తనంతట తాను కొంత బాగుచేసుకుంటుందని ఒకచోట ఉంది. ఎండ తగలకుండా మేడమ్ ఇచ్చిన క్రీము పని చేసి ఉండొచ్చు. ఖాళీ ద్రవంలోనూ కొన్ని మంచి పదార్థాలు ఉంటాయని ఇంకోచోట ఉంది. లేకపోతే ముఖం అసలు మారనే లేదేమో, ఆవిడ మారిందేమో. నాలుగు కారణాలు దొరికాయి. ఏది నిజమో తెలియడానికి దారి దొరకలేదు. తప్పు జరిగితే ఎక్కడో ఏదో చెడాలి. నా ఉద్యోగమంతా నేర్పింది అది. ఇక్కడ తప్పు జరిగింది, ఏమీ చెడలేదు. అలాంటి తప్పును ఎటు నుంచి పట్టుకోవాలో తెలియలేదు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే మా ఇంటావిడ కంచం లాగేసుకుని సంగతి అడిగింది. చెప్పాను. మేడమ్ మాట కూడా చెప్పాను.

"ఆయమ్మ సెప్పినది బాగానే ఉంది" అంది. "మరి ఆ టీసరమ్మ మళ్ళా వొచ్చి లెక్కెట్టినారా అంటే ఏటి సెప్తారు?"

ఆదివారం పొద్దున్న టీచరు ఇంటికి బయలుదేరాను.

చెప్పడం

ఆవిడ వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. కుర్చీ చూపించి, మెషీన్ బాగైందా అని అడిగింది. మెషీన్ పాడవలేదని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మూడుసార్లూ ఖాళీ ద్రవమే వెళ్ళిందని, లెక్కపెట్టానని చెప్పింది అబద్ధమని, తప్పు నాదేనని చెప్పాను. మధ్యలో సెంట్రిఫ్యూజ్ లెక్క గురించి కూడా ఏదో చెప్పబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

చేతిలో ఎర్ర పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. ఆ తరవాత చెయ్యి దానంతట అదే బుగ్గ మీదికి వెళ్ళింది.

"రావు గారూ, ఒకటి సెప్పండి. ఇప్పుడు నా మొగం బాగున్నట్టా, బాగులేనట్టా?"

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"మీకు తెలకపోతే ఎవరికి తెలుస్తాది? నేను దీన్ని పట్టుకునే గదా పిల్లల వైపు తిరిగినాను."

టీ తాగి వెళ్ళమనలేదు. నేను గేటు దాటేసరికి ఆవిడ పేపర్ల మీదికి వంగి ఉంది కానీ పెన్ను కదలడం లేదు.

మేడమ్‌కి మర్నాడు చెప్పాను. రెండు రోజులు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. మూడోరోజు ఫోను తీసుకుని, ఆ ఏడు నెలల పేషెంట్లందరికీ తనే వరసగా చెప్పడం మొదలుపెట్టింది. తేటగా కావాలని నేనే చెప్పాను అని అందరితోనూ అంది. నా ఒక్కడి పేరే చెప్పొచ్చు, చెప్పలేదు. అందుకే ఆవిడ చెడ్డ మనిషి కాదన్నాను.

పేషెంట్లు ఏమన్నారో చెబితే నమ్మరు. ఇద్దరు తిట్టారు. అది నాకు అర్థమైంది. ఎక్కువమంది సరే దీదీ, మళ్ళీ వస్తాం అన్నారు. మిఠాయి దుకాణం నడిపే ఒకావిడ మాత్రం, నాకు ముందు చేసినదే చేయండి, దాంతోనే బాగైంది, కొత్తది వద్దు అని పట్టుబట్టింది. మేడమ్ అరగంట చెప్పినా వినలేదు. ఫోను పెట్టేసి నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ జాబితాలో తరవాతి నంబరు నొక్కింది.

ఆ తరవాత

మూడు వారాలు టీచరు రాలేదు. ఇక రాదనుకున్నాను. స్కూలు ముందు నుంచి వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూడాలనిపించేది. ఆవిడ ఎటు తిరిగి ఉందోనని. చూడలేదు, భయమేసింది.

వచ్చింది. నాలుగోది చేయించుకుంటాను, కానీ ముందు ల్యాబులో కూర్చుంటాను అంది. క్రీము రాసుకుని, తెల్లటి ముఖంతో నా స్టూలు మీద కూర్చుని, రెండుసార్లు తిప్పడం చూసింది. పై ద్రవం తీసి పక్కన పెట్టడం చూసింది. అడుగు మడ్డి కలిపి పలక మీద వేశాక, కళ్ళద్దాలు తీసి సూక్ష్మదర్శినిలోకి వంగింది. ఇవా, ఇంత చిన్నవా అని చాలాసేపు తల ఎత్తలేదు. ఏ గళ్ళు లెక్కపెట్టాలో, గీత మీద పడినవాటిని ఎటువైపువి కలుపుకోవాలో చూపించాను. అయిదు రెట్లు రాలేదు. నాలుగుకి కాస్త తక్కువ వచ్చింది. పోస్టరు తీసేయమని మేడమ్‌తో చెప్పి లోపలికి వెళ్ళింది. పోస్టరు ఆ సాయంత్రమే తీసేశాం.

ఆరు వారాలకి మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను. మీరే చూడండి అని కిటికీ దగ్గర నిలబడింది. చూశాను. ఒకవైపు నుంచి గుంటలు తగ్గినట్టుంది. ఆవిడ తల కొంచెం తిప్పగానే ఎప్పటిలాగే ఉంది. అదే చెప్పాను.

"నాకూ అలాగే ఉందండి. అద్దంలో ఒకరోజు బాగుంటాది, ఒకరోజు ఉండదు" అంది. "మొదటి మూడు సార్లూ మాత్రం రోజూ బాగుండేది. అప్పుడు మీరింకా చెప్పలేదు గదా."

"చెప్పకుండా ఉండాల్సిందా అమ్మా?"

"అది నన్నడక్కండి."

క్లాసు సంగతి అడగడానికి నోరు రాలేదు. ఆవిడే చెప్పింది.

"పిల్లల వైపే తిరిగి చెప్తన్నాను. ఒకసారి తిరిగినాక మళ్ళీ బోర్డు వైపు తిరిగితే నవ్వుతారు గదండీ."

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది చాలా తక్కువ. ఏ పొర తీస్తున్నారో, అది ఎన్నోసారి తిప్పాకో ప్రతిసారీ పైకి అనుకోండి. చేతికి వచ్చేసిందని చేతిని నమ్మకండి, పుస్తకంలో ఉందని పుస్తకాన్నీ నమ్మకండి. లోపలికి పంపేముందు ఒక చుక్క లెక్కపెట్టండి. పేషెంటు బాగుందంది కాబట్టి మనం చేసింది సరైనదని అనుకోకండి. ఇంతవరకు నిశ్చయంగా చెప్పగలను. ముఖాల సంగతి చెప్పలేను. టీచరుకి చెప్పి మంచి చేశానో, ఆవిడ దగ్గరున్నది ఒకటి లాక్కున్నానో ఒకరోజు ఒకలా అనిపిస్తుంది, ఇంకోరోజు ఇంకోలా.

ఆవిడ ఆ తరవాత ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ లెక్క అయ్యాకే లోపలికి వెళ్ళింది. ఆఖరిసారి నేను ముందు లెక్కపెట్టి, అంకె చెప్పకుండా స్టూలు ఆవిడకి ఇచ్చాను. ఆవిడ అవే గళ్ళు లెక్కపెట్టి నాకన్నా తొమ్మిది ఎక్కువ చెప్పింది. అన్ని ఉండవమ్మా అన్నాను. మళ్ళీ చూడండి అంది. మళ్ళీ కూర్చుని గడిగడికీ చూశాను. కింద వరసలో ఒక గడి మొత్తం వదిలేశాను. రిజిస్టరులో నా అంకె కొట్టేసి ఆవిడది రాశాను.